పిల్లలకు ఆన్‌లైన్‌లో ఆపద ఎదురైతే మొదట మీకే చెబుతారా? తల్లిదండ్రులు తెలుసుకోవాల్సిన విషయాలు

రాత్రి 11 గంటలు. ఇంట్లో అందరూ నిద్రపోయారు. పదో తరగతి చదువుతున్న ఓ అబ్బాయి మాత్రం దుప్పటి కింద ఫోన్ పట్టుకుని వణికిపోతున్నాడు.

వారం కిందట ఇన్‌స్టాగ్రామ్‌లో ఓ అమ్మాయి పేరుతో ఫాలో రిక్వెస్ట్ వచ్చింది. పలకరింపులు స్నేహంగా మారాయి. ఆ తర్వాత వీడియో కాల్ వచ్చింది. అవతలివైపు కనిపించిన దృశ్యం చూసి, అడిగినట్టే ఇతనూ చేశాడు. కాల్ ముగిసిన 2 నిమిషాలకే ఆ దృశ్యాల రికార్డింగ్ అతని ఫోన్‌కే తిరిగి వచ్చింది. దాని కింద ఒక బెదిరింపు: అరగంటలో డబ్బు పంపకపోతే ఈ వీడియో నీ స్నేహితులందరికీ చేరుతుంది.

పక్క గదిలో నాన్న ఉన్నారు. తలుపు తడితే చాలు. కానీ అతను తట్టలేదు. ‘చెబితే కొడతారు, ఫోన్ లాక్కుంటారు, బడిలో తెలిస్తే పరువు పోతుంది’ అనుకున్నాడు.

ఇది ఏ ఒక్క కుటుంబంలోనో జరిగిన కథ కాదు. ఇలాంటి మోసాలు సాగే తీరును చూపడానికి ఊహించిన సన్నివేశం. అయితే ఇందులో గమనించాల్సిన విషయం ఒకటుంది. బెదిరించేవారి చేతిలోని అసలు ఆయుధం ఆ వీడియో కాదు, ఆ తలుపు తట్టలేని భయం.

పిల్లల ఆన్‌లైన్ భద్రత అనగానే యాప్‌లు, పాస్‌వర్డ్‌లు, సమయ పరిమితులు గుర్తుకొస్తాయి. అవన్నీ అవసరమే. కానీ అవేవీ పనిచేయని రోజు వచ్చినప్పుడు బిడ్డను కాపాడేది ఒక్కటే: తప్పు జరిగిపోయిన తర్వాత కూడా ఇంట్లో ఎవరో ఒకరికి చెప్పుకోగలనన్న ధైర్యం.

ఎంతమంది పిల్లల చేతుల్లో ఫోన్ ఉంది?

దేశంలోని 605 గ్రామీణ జిల్లాల్లో జరిపిన ‘అసర్ 2024’ సర్వే ఈ విషయంలో కొంత స్పష్టత ఇస్తుంది. 14 నుంచి 16 ఏళ్ల మధ్య ఉన్న పిల్లల్లో 82.2 శాతం మంది తమకు స్మార్ట్‌ఫోన్ వాడటం వచ్చని చెప్పారు.

వారిలో అంతకుముందు వారంలో చదువుకు సంబంధించిన పని కోసం ఫోన్ వాడినవారు 57 శాతం. సోషల్ మీడియా కోసం వాడినవారు 76 శాతం.

మరో అంశం ఇంకా ముఖ్యమైనది. సోషల్ మీడియా వాడుతున్న ఈ పిల్లల్లో ఒక ప్రొఫైల్‌ను బ్లాక్ చేయడం లేదా దానిపై ఫిర్యాదు చేయడం తెలిసినవారు 62 శాతం. తమ ప్రొఫైల్‌ను ప్రైవేటుగా మార్చుకోవడం తెలిసినవారు 55.2 శాతం. పాస్‌వర్డ్ మార్చడం తెలిసినవారు 57.7 శాతం.

అంటే, ప్రతి పదిమందిలో దాదాపు నలుగురికి తమను వేధిస్తున్న వ్యక్తిని అడ్డుకునే మీట ఎక్కడుందో కూడా తెలియదు. వాహనం నడపడం వచ్చి, బ్రేకు ఎక్కడుందో తెలియనట్టే ఉంది ఈ పరిస్థితి.

ఇవి గ్రామీణ ప్రాంతాల లెక్కలు. స్మార్ట్‌ఫోన్, సోషల్ మీడియా నగరాలకు పరిమితమైన సంగతులన్న అభిప్రాయం ఇక చెల్లదని ఇవి చెబుతున్నాయి.

వల ఎలా పన్నుతారు?

పిల్లలను లక్ష్యంగా చేసుకునేవారు మొదటి రోజే బెదిరించరు. మొదట నమ్మకం సంపాదిస్తారు. గేమ్‌లో సాయం చేస్తారు, ఫోటోలను మెచ్చుకుంటారు, ఇంట్లో తిట్లు పడిన రోజు ఓదారుస్తారు. ‘నిన్ను అర్థం చేసుకునేది నేనొక్కడినే’ అనే భావన కలిగిస్తారు.

ఆ తర్వాత సంభాషణను అందరూ చూసే చోటు నుంచి ప్రైవేటు చాట్‌కు మళ్లిస్తారు. ‘ఈ సంగతి మన మధ్యే ఉండాలి’ అనే షరతు పెడతారు. చిన్న రహస్యంతో మొదలుపెట్టి పెద్ద రహస్యం వైపు నడిపిస్తారు. ఒక్క ఫోటో చేతికి చిక్కగానే మాట మారుతుంది.

ఈ బెదిరింపులు ఆడపిల్లలకే ఎదురవుతాయన్నది చాలా ఇళ్లలో ఉన్న అపోహ. డబ్బు కోసం చేసే ఈ తరహా బెదిరింపుల్లో బాధితులు ఎక్కువగా 14 నుంచి 17 ఏళ్ల మగపిల్లలేనని అమెరికా దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ హెచ్చరించింది. ‘అబ్బాయే కదా, వాడికేం భయం’ అనుకునే ఇంట్లో ఆ అబ్బాయి మరింత ఒంటరివాడవుతాడు.

ఇప్పుడు అసలు ఫోటో పంపాల్సిన అవసరం కూడా లేకుండా పోయింది. ప్రొఫైల్‌లో ఉన్న మామూలు ఫోటోను తీసుకుని, కృత్రిమ మేధ సాధనాలతో అసభ్యంగా మార్చి బెదిరించడం సాధ్యమవుతోంది. బిడ్డ ఏ తప్పూ చేయకపోయినా ఈ ఉచ్చులో పడవచ్చు. అందుకే ‘నువ్వు పంపకుండా ఎలా వచ్చింది?’ అనే ప్రశ్న నేడు అర్థం లేనిది.

అపాయం ఎప్పుడూ అపరిచితుల నుంచే వస్తుందనుకోవడం కూడా పొరపాటే. తరగతి వాట్సాప్ గ్రూపులో ఒకరి రూపాన్ని, కులాన్ని, మాట తీరును ఎగతాళి చేయడం, అందరినీ చేర్చి ఒక్కరినే గ్రూపు నుంచి తీసేయడం, స్నేహం చెడిన తర్వాత పాత చాట్‌లను బయటపెట్టడం వంటివి చేసేది తెలిసినవారే. ఒకప్పుడు బడి గంట కొట్టగానే ఆగిపోయే ఏడిపింపు, ఇప్పుడు ఫోన్‌తోపాటు ఇంట్లోకి వస్తోంది.

డబ్బుతో ముడిపడిన వలలు వేరే ఉన్నాయి. గేమ్‌లో వజ్రాలు, కొత్త దుస్తులు ఉచితంగా ఇస్తామంటూ లింక్ పంపి ఓటీపీ అడగడం ఒక పద్ధతి. వీడియోలకు లైక్ కొడితే రోజూ సంపాదన అంటూ ఆశపెట్టడం మరో పద్ధతి. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ 2025 ఆగస్టులో పార్లమెంటు చట్టం చేసింది. అలాంటి ఆటను ఇప్పటికీ ఎవరైనా పిల్లలకు పరిచయం చేస్తున్నారంటే అది చట్టవిరుద్ధమైన దారి అని వారికి చెప్పడం అవసరం.

పిల్లలు ఎందుకు చెప్పరు?

చాలా ఇళ్లలో ఆన్‌లైన్ సమస్యకు మొదటి శిక్ష పడేది బాధితులకే. ఫోన్ లాక్కుంటారు. ట్యూషన్ మాన్పిస్తారు. ఆడపిల్ల అయితే చదువే ఆగిపోవచ్చు, పెళ్లి మాట ఎత్తవచ్చు. పక్కింటి పిల్లకు ఇలా జరగడం చూసిన అమ్మాయి తనకు సమస్య వచ్చినప్పుడు నోరు విప్పదు.

అసర్ సర్వేలోనే ఈ వ్యత్యాసం కనిపిస్తుంది. ఫోన్ వాడటం వచ్చిన 14-16 ఏళ్ల పిల్లల్లో సొంత స్మార్ట్‌ఫోన్ ఉందని చెప్పిన అబ్బాయిలు 36.2 శాతం కాగా, అమ్మాయిలు 26.9 శాతం మాత్రమే. ఎంతో బతిమాలితే చేతికొచ్చిన ఫోన్‌ను ఒక్క ఫిర్యాదుతో పోగొట్టుకోవడానికి ఎవరు మాత్రం సిద్ధపడతారు?

రెండో కారణం సిగ్గు. శరీరం గురించి, ఆకర్షణ గురించి ఇంట్లో ఎన్నడూ మాట్లాడని బిడ్డకు, తొలిసారి ఆ మాటలు ఇలాంటి సందర్భంలో చెప్పాల్సి రావడం ఎంత కష్టమో ఊహించవచ్చు.

మూడోది, పెద్దలకు ఈ సంగతులు అర్థం కావన్న నమ్మకం. ‘ఆ దిక్కుమాలిన ఫోన్ చూడొద్దని ముందే చెప్పానా?’ అన్న మాట ఒక్కసారి వింటే, మరోసారి చెప్పాలన్న కోరిక చచ్చిపోతుంది.

బిడ్డ చెప్పిన మొదటి నిమిషంలో

ఆ క్షణంలో తల్లిదండ్రులకు కోపం, భయం కలగడం సహజం. అయినా నోటి వెంట వచ్చే మొదటి వాక్యమే ఆ తర్వాత జరిగేదంతా నిర్ణయిస్తుంది.

‘చెప్పి మంచి పని చేశావు నాన్నా. ఇందులో నీ మీద నాకు కోపం లేదు. ఇద్దరం కలిసి దీన్ని చూసుకుందాం.’ ఇంత చాలు. బిడ్డ చేసిన పొరపాటు గురించి మాట్లాడటానికి తర్వాత చాలా సమయం ఉంటుంది. ఇల్లు కాలుతున్నప్పుడు అగ్గిపెట్టె ఎవరు గీశారన్న విచారణ కాదు, నీళ్లు కావాలి.

ఆ రాత్రి బిడ్డను ఒంటరిగా వదలకూడదు. ఇలాంటి బెదిరింపుల ఒత్తిడిలో కొందరు పిల్లలు తమకు తాము హాని చేసుకునే ప్రమాదం ఉంది. ‘నేను లేకపోతే మీకే మంచిది’ వంటి మాటలు వినిపిస్తే తేలికగా తీసుకోకూడదు. కేంద్ర ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం ‘టెలీ మానస్’ నంబరు 14416. ఈ సేవ భారతీయ భాషల్లో 24 గంటలూ అందుబాటులో ఉంటుంది.

మొదటి గంటలో ఏం చేయాలి?

డబ్బు పంపకూడదు. ఒకసారి ఇస్తే బెదిరింపు ఆగదు, ఇవ్వగలరని తెలిసిపోయి మరింత అడుగుతారు. ఇంకో ఫోటో పంపితే పాతది తీసేస్తామన్న మాటనూ నమ్మకూడదు.

చాట్‌ను, ఖాతాను తొందరపడి డిలీట్ చేయకూడదు. బెదిరింపు సందేశాలు, అవతలి వ్యక్తి యూజర్ పేరు, ప్రొఫైల్ లింక్, ఫోన్ నంబరు, డబ్బు అడిగిన యూపీఐ ఐడీ, తేదీ, సమయం కనిపించేలా స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకోవాలి. ఆ తర్వాతే ఆ ఖాతాపై యాప్‌లో ఫిర్యాదు చేసి, బ్లాక్ చేయాలి.

ఇక్కడ ఒక జాగ్రత్త తప్పనిసరి. బిడ్డ అసభ్య చిత్రం లేదా వీడియో ఉంటే దాన్ని ఎవరికీ ఫార్వర్డ్ చేయకూడదు. సలహా కోసం బాబాయికో, బడి ఉపాధ్యాయులకో పంపడం కూడా సరికాదు. మంచి ఉద్దేశంతో చేసినా అది మరో ప్రతిని సృష్టించడమే అవుతుంది. పిల్లల లైంగిక చిత్రాలను పంపిణీ చేయడం చట్టరీత్యా నేరం. ఫోన్‌ను ఉన్నది ఉన్నట్టుగా పోలీసులకు చూపించడమే మేలు.

ఇప్పటికే డబ్బు పోయి ఉంటే 1930 నంబరుకు వెంటనే ఫోన్ చేయాలి. ఇది సైబర్ ఆర్థిక మోసాల జాతీయ సహాయ నంబరు. ఎంత త్వరగా చెబితే ఆ డబ్బు చేతులు మారకుండా ఆపే అవకాశం అంత ఎక్కువ.

పిల్లలకు సంబంధించిన ఏ ఆపదలోనైనా చైల్డ్‌లైన్ 1098కు ఉచితంగా ఫోన్ చేయవచ్చు. పిల్లలు స్వయంగా కూడా చేయవచ్చు. తక్షణ ప్రాణాపాయం ఉంటే 112కు చెప్పాలి.

ఆన్‌లైన్‌లో ఫిర్యాదు చేయడానికి సైబర్‌క్రైమ్.జీఓవీ.ఇన్ అనే జాతీయ పోర్టల్ ఉంది. పిల్లల లైంగిక చిత్రాలకు సంబంధించిన ఫిర్యాదులను పేరు చెప్పకుండా కూడా అక్కడ నమోదు చేసే వీలుంది. తెలంగాణలో మహిళలు, బాలికలపై వేధింపుల విషయంలో పనిచేసే షీ టీమ్స్‌ను కూడా ఆశ్రయించవచ్చు.

చిత్రం బయటకు పోతుందన్న భయానికి మరో సాయం ఉంది. అమెరికాకు చెందిన ఎన్‌సీఎంఈసీ అనే సంస్థ ‘టేక్ ఇట్ డౌన్’ పేరుతో ఒక ఉచిత సేవను నడుపుతోంది. 18 ఏళ్లలోపు వయసులో తీసిన నగ్న లేదా అర్ధనగ్న చిత్రాలకు ఇది వర్తిస్తుంది. ఇందులో చిత్రాన్ని ఎవరికీ పంపనక్కరలేదు. ఫోన్‌లోనే ఆ చిత్రానికి వేలిముద్ర లాంటి ఒక సంకేతం తయారవుతుంది. ఆ సంకేతం మాత్రమే సంస్థకు చేరుతుంది. ఈ సేవలో చేరిన సోషల్ మీడియా సంస్థలు దాని ఆధారంగా తమ వేదికలపై ఆ చిత్రాన్ని గుర్తించి తొలగించగలవు. పేరు చెప్పాల్సిన అవసరం లేదు.

విదేశాల్లో ఉన్న తెలుగు కుటుంబాలు ఆయా దేశాల సేవలను వాడుకోవాలి. అమెరికాలో ఎన్‌సీఎంఈసీ ‘సైబర్‌టిప్‌లైన్’, బ్రిటన్‌లో పిల్లల కోసమే ఉన్న ‘చైల్డ్‌లైన్’ 0800 1111 నంబరు అలాంటివే.

చట్టం ఎవరి పక్షాన ఉంది?

‘పోలీసుల దగ్గరకు వెళితే ఊరంతా తెలుస్తుంది’ అన్న భయం చాలామందిని ఆపేస్తుంది. ఈ భయాన్ని దృష్టిలో పెట్టుకునే 2012 నాటి పోక్సో చట్టంలో కొన్ని రక్షణలు కల్పించారు.

ఈ చట్టం ప్రకారం 18 ఏళ్లలోపు వారందరూ పిల్లలే. అమ్మాయిలకూ అబ్బాయిలకూ ఇది సమానంగా వర్తిస్తుంది. లైంగిక ఉద్దేశంతో ఎలక్ట్రానిక్ లేదా డిజిటల్ మార్గాల్లో పిల్లలను పదేపదే సంప్రదించడం నేరం. వారి శరీరాన్ని చూపే చిత్రాలను బయటపెడతామని బెదిరించడమూ నేరమే. ఆ చిత్రం అసలుదైనా, కల్పించినదైనా చట్టం ఒకేలా చూస్తుంది. మార్ఫింగ్ ఫోటోతో బెదిరిస్తే ‘అది నిజం కాదు కదా’ అని నేరస్థుడు తప్పించుకోలేడన్న మాట.

బిడ్డ వాంగ్మూలాన్ని ఇంటి వద్ద లేదా బిడ్డ కోరుకున్న చోట నమోదు చేయాలి. వీలైనంత వరకు ఎస్సై, అంతకు పైస్థాయి మహిళా అధికారి ఆ పని చేయాలి. ఆ సమయంలో పోలీసులు యూనిఫాంలో ఉండకూడదు. ఏ కారణంతోనూ బిడ్డను రాత్రిపూట పోలీస్ స్టేషన్‌లో ఉంచకూడదు. బిడ్డ పేరు, చిరునామా, ఫోటో, చదివే బడి వంటి వివరాలను మీడియా బయటపెట్టకూడదు. ఇవి అధికారుల దయ కాదు, బిడ్డ హక్కులు. తెలిసి ఉంటే అడిగి సాధించుకోవచ్చు.

ఐటీ చట్టంలోని 67బి సెక్షన్ కూడా ఉంది. పిల్లల లైంగిక చిత్రాలను ఎలక్ట్రానిక్ రూపంలో ప్రచురించడం, పంపడం, డౌన్‌లోడ్ చేయడం, లైంగిక చర్యల కోసం పిల్లలను ఆన్‌లైన్ సంబంధంలోకి ఆకర్షించడం దీని కింద నేరాలు. మొదటిసారి నేరం రుజువైతే 5 ఏళ్ల వరకు జైలు, 10 లక్షల రూపాయల వరకు జరిమానా పడవచ్చు.

2024 సెప్టెంబరు 23న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఈ విషయాన్ని మరింత స్పష్టం చేసింది. ఇలాంటి చిత్రాలను సొంతంగా దగ్గర ఉంచుకుని చూడటం నేరం కాదన్న మద్రాసు హైకోర్టు ఉత్తర్వును అది కొట్టేసింది. తరగతి గ్రూపులో వచ్చిన సహ విద్యార్థిని వీడియోను ‘నేను ఎవరికీ పంపలేదు, ఊరికే దాచుకున్నాను’ అనుకునే పిల్లలకు కూడా ఈ సంగతి తెలియాలి. పిల్లలు బాధితులే కాదు, తెలియక తప్పు చేసేవారూ కావచ్చు. ఆ రెండు వైపులా హెచ్చరించాల్సిన బాధ్యత పెద్దలదే.

అమ్మ ఫోన్‌లో బిడ్డ ఉంటే రక్షణలు పనిచేస్తాయా?

సోషల్ మీడియా సంస్థలు పిల్లల కోసం కొన్ని రక్షణలు తెచ్చాయి. ఇన్‌స్టాగ్రామ్ ‘టీన్ అకౌంట్స్’ భారత్‌లో 2025 ఫిబ్రవరిలో మొదలయ్యాయి. వీటిలో ఖాతా మొదటి నుంచే ప్రైవేటుగా ఉంటుంది. పరిచయం లేనివారు సందేశాలు పంపడానికి పరిమితులు ఉంటాయి. రాత్రి 10 నుంచి ఉదయం 7 గంటల వరకు నోటిఫికేషన్లు మోగవు. 16 ఏళ్లలోపు వారు ఈ రక్షణలను సడలించాలంటే తల్లిదండ్రుల అనుమతి కావాలి.

అయితే ఈ ఏర్పాట్లన్నీ ఒకే ఒక ఆధారంపై నిలబడ్డాయి. అది ఖాతాలో ఉన్న వయసు. మన ఇళ్లలో సమస్య మొదలయ్యేది ఇక్కడే.

చాలామంది పిల్లలు వాడేది అమ్మ ఫోన్. అందులో యూట్యూబ్, ఇన్‌స్టాగ్రామ్ తెరిచి ఉండేది అమ్మ ఖాతాతో. యాప్ దృష్టిలో ఆ వీడియోలు చూస్తున్నది 38 ఏళ్ల మహిళ. కాబట్టి పిల్లల కోసం చేసిన ఏ రక్షణా అక్కడ వర్తించదు. సొంత ఖాతా తెరిచే పిల్లలు పుట్టిన సంవత్సరాన్ని మార్చి రాసినప్పుడూ ఇదే జరుగుతుంది. ఇన్‌స్టాగ్రామ్, వాట్సాప్‌లకు కనీస వయసు 13. పదేళ్ల పిల్లాడికి ఖాతా తెరిచి ఇవ్వడానికి పెద్దలే అబద్ధపు పుట్టినతేదీ రాస్తే, యాప్ ఆ బాబు వయసును ఎప్పుడూ తప్పుగానే లెక్కిస్తుంది. అసలు వయసు రాకముందే అతన్ని పెద్దవాడిగా చూడవచ్చు.

అందుకే ఒకే ఫోన్ ఉన్న ఇంట్లో కూడా కొన్ని పనులు చేయవచ్చు. చిన్నపిల్లలకు యూట్యూబ్ బదులు యూట్యూబ్ కిడ్స్ యాప్ పెట్టాలి. కాస్త పెద్ద పిల్లలకు అసలు పుట్టినతేదీతో వేరే గూగుల్ ఖాతా తెరిచి, ఫ్యామిలీ లింక్‌కు కలపాలి. యూపీఐ పిన్ పిల్లలకు చెప్పకూడదు. ప్లే స్టోర్‌లో కొనుగోలుకు ప్రతిసారీ పాస్‌వర్డ్ అడిగేలా పెట్టాలి. వాట్సాప్‌లో గ్రూపుల్లో చేర్చే అవకాశం పరిచయస్తులకే ఉండేలా మార్చాలి. ఇవన్నీ కలిపి అరగంట పని.

పిల్లల సమాచారం విషయంలో సంస్థల బాధ్యతలను 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం నిర్దేశించింది. 18 ఏళ్లలోపు వారి డేటాను వాడాలంటే తల్లిదండ్రుల అనుమతిని ధ్రువీకరించుకోవాలి. వారి ప్రవర్తనను వెంబడించడం, వారిని లక్ష్యంగా చేసుకుని ప్రకటనలు చూపడం కుదరదు. దీని నిబంధనలను 2025 నవంబరులో నోటిఫై చేశారు. అవి దశలవారీగా అమల్లోకి వస్తాయి. కానీ చట్టం అమలైనా, ఇంట్లో తప్పుడు వయసు రాస్తే దాని ప్రయోజనం బిడ్డకు అందదు.

ఏ వయసుకు ఎంత స్వేచ్ఛ?

ఈత నేర్పేటప్పుడు ఎవరూ బిడ్డను నేరుగా గోదావరిలోకి దించరు. అలాగని జీవితమంతా గట్టు మీదే కూర్చోబెట్టరు. ఫోన్ విషయంలోనూ అంతే.

ఎనిమిదేళ్లలోపు పిల్లలు పెద్దల పక్కనే కూర్చుని, పెద్దలు ఎంచిన వాటినే చూడటం మంచిది. తెర మీద భయపెట్టేది ఏదైనా కనిపిస్తే ఫోన్ బోర్లా పెట్టి అమ్మనో నాన్ననో పిలవాలని నేర్పితే ఆ వయసుకు చాలు.

8 నుంచి 12 ఏళ్ల మధ్య గేమ్‌లు మొదలవుతాయి. గేమ్‌లో అపరిచితులతో మాట్లాడే చాట్‌ను ఆపేయాలి. అసలు పేరు, బడి పేరు, ఉండే వీధి చెప్పకూడదని వివరించాలి. ‘అమ్మానాన్నలకు చెప్పొద్దు’ అని ఎవరైనా అంటే, ముందుగా వచ్చి చెప్పాల్సింది ఆ మాటేనని అర్థమయ్యేలా చేయాలి.

13 నుంచి 15 ఏళ్ల వయసులో సోషల్ మీడియాలోకి అడుగుపెడతారు. ఖాతా తెరిచే రోజునే పక్కన కూర్చుని బ్లాక్, రిపోర్ట్, ప్రైవేటు ఖాతా ఎక్కడున్నాయో ఇద్దరూ కలిసి చూడాలి. వీడియో కాల్ రికార్డు కావచ్చన్న సంగతి, ఫోటోలు మార్ఫింగ్ చేసి బెదిరించే తీరు, ఈ వయసులోనే దాపరికం లేకుండా చెప్పాలి.

16 దాటినవారికి నియమాల కన్నా సంభాషణ ముఖ్యం. ప్రేమ, సమ్మతి, డబ్బు, ఉద్యోగ ప్రకటనలు, అబద్ధపు వార్తల గురించి వారి అభిప్రాయం అడగాలి. రెండేళ్లలో వారు కాలేజీ హాస్టల్‌లో ఉంటారు. అక్కడ ఫోన్ లాక్కునేవారెవరూ ఉండరు.

ఏ వయసులోనైనా రాత్రిళ్లు ఫోన్ పడకగదిలో కాకుండా హాల్లో ఛార్జింగ్‌లో ఉండాలన్న నియమం మేలు చేస్తుంది. అది అమ్మానాన్నలకూ వర్తిస్తేనే పిల్లలు గౌరవిస్తారు.

మంచి నిర్ణయం తీసుకోవడం ఎలా నేర్పాలి?

మంచి నిర్ణయం అంటే పెద్దలు చెప్పినట్టు వినడం మాత్రమే కాదు. పెద్దలు పక్కన లేనప్పుడు ఒక్క క్షణం ఆగగలగడం.

ఏదైనా పంపే ముందు మూడు ప్రశ్నలు వేసుకోవడం అలవాటు చేయవచ్చు. ఇది బడి నోటీసు బోర్డు మీద కనిపిస్తే నాకు పర్వాలేదా? ఇందులో ఉన్న మనిషి పంపడానికి ఒప్పుకున్నారా? నన్ను ఎవరైనా తొందరపెడుతున్నారా? మూడోది చాలా విలువైన ప్రశ్న. ‘ఇప్పుడే’, ‘5 నిమిషాల్లో’, ‘ఎవరికీ చెప్పకుండా’ అనే మాటలు కలిసి వచ్చాయంటే అది దాదాపు ఎప్పుడూ మోసమే.

చూస్తూ ఊరుకునేవారి పాత్ర గురించీ చెప్పాలి. గ్రూపులో ఒకరిని ఏడిపిస్తున్నప్పుడు నవ్వే ఎమోజీ పెట్టడం కూడా అందులో భాగం పంచుకోవడమే. అందరి ముందూ ఎదిరించే ధైర్యం లేకపోతే, బాధపడుతున్న స్నేహితుడికి విడిగా ‘నేను నీ వైపు ఉన్నాను’ అని ఒక సందేశం పంపినా చాలు.

ఈ విషయాలను ఉపన్యాసంలా చెబితే వినరు. పేపర్లో వచ్చిన ఓ వార్తను చూపి ‘నీ స్నేహితుడికే ఇలా జరిగితే ఏం చేయమంటావు?’ అని అడిగితే మాట సాగుతుంది.

నిఘానా, నమ్మకమా?

బిడ్డకు తెలియకుండా ఫోన్‌లో గూఢచర్యం చేసే యాప్‌లు పెట్టడం కొందరికి సులువైన దారిగా తోస్తుంది. అది బయటపడిన రోజు బిడ్డ చేసే మొదటి పని మరో రహస్య ఖాతా తెరవడం. పర్యవేక్షణ అవసరమే, ముఖ్యంగా చిన్న వయసులో. కానీ ఏం చూస్తున్నారో, ఎందుకు చూస్తున్నారో, ఎంతకాలం చూస్తారో బిడ్డకు ముందే చెప్పాలి.

పెద్దలు తమ అలవాట్లను కూడా ఒకసారి చూసుకోవాలి. బడి యూనిఫాంలో ఉన్న పాప ఫోటో, బడి పేరు, బస్సు నంబరు కనిపించేలా వాట్సాప్ స్టేటస్ పెట్టేది మనమే. ఆ తర్వాత ‘వ్యక్తిగత వివరాలు ఎవరికీ చెప్పకు’ అంటాం. ఫోటో పెట్టే ముందు ‘ఇది పెట్టొచ్చా?’ అని బిడ్డను అడగడం, సమ్మతి అంటే ఏమిటో నేర్పే తొలి పాఠం.

నిషేధం ఒక్కటే సరిపోతుందా?

16 ఏళ్లలోపు పిల్లలకు సోషల్ మీడియా ఖాతాలు ఉండరాదన్న నియమం ఆస్ట్రేలియాలో 2025 డిసెంబరు 10 నుంచి అమల్లోకి వచ్చింది. అక్కడ బాధ్యతను పిల్లలపైనా తల్లిదండ్రులపైనా కాకుండా కంపెనీలపై పెట్టారు. ఇతర దేశాల్లోనూ ఈ చర్చ సాగుతోంది.

కంపెనీలను జవాబుదారీ చేయడం న్యాయమే. పిల్లలను గంటల తరబడి కట్టిపడేసేలా యాప్‌లను రూపొందించేది వారే. కానీ ఎంత కట్టుదిట్టమైన నిషేధమైనా గేమ్ చాట్‌ను, తరగతి గ్రూపును, స్నేహితుడి ఫోన్‌ను పూర్తిగా ఆపలేదు. 16 ఏళ్లు నిండిన మర్నాడు అదే ప్రపంచంలోకి బిడ్డ అడుగుపెట్టక తప్పదు.

మళ్లీ ఆ రాత్రి 11 గంటలకు వెళదాం. ఆ అబ్బాయి తలుపు తట్టాలంటే ఆ రోజు నాన్న ఏం చేస్తారన్నది కాదు ముఖ్యం. అంతకుముందు ఏడాది పొడవునా ఆ ఇంట్లో ఏ మాటలు వినిపించాయన్నదే ముఖ్యం. పరీక్షలో తక్కువ మార్కులు వచ్చాయని చెప్పినప్పుడు, గ్లాసు పగిలిందని ఒప్పుకున్నప్పుడు, ఎదురైన ముఖం ఎలాంటిదో అతనికి గుర్తుంటుంది.

ఈ రోజు రాత్రి భోజనాల దగ్గర ఒక్క మాట చెప్పి చూడండి. ‘ఫోన్‌లో ఎప్పుడైనా ఏదైనా తప్పు జరిగితే, నీ వల్లే జరిగినా సరే, ముందు మాకు చెప్పు. నిన్ను తిట్టం. చెప్పినందుకు ఫోన్ లాక్కోం.’ ఆ మాట చెప్పడం తేలికే. అవసరం వచ్చిన రోజు దానికి కట్టుబడి ఉండటమే అసలు పని.